పాటల దారిబత్తెం

పూర్వం కాశీకి పోయేవారు అటుకులు, బెల్లం మూట కట్టుకొని బయలుదేరేవారు. దారిలో ఏది దొరుకుతుందో, ఏది దొరకదో తెలియదు గనుక తినవలసినది తమ వెంటనే ఉండాలన్నది వారి లెక్క. ఏటా వేసవి చివర మంచు కరిగి కనుమలు తెరుచుకున్న దగ్గర నుంచి శరత్కాలం ముగిసే వరకు ఢిల్లీ నుంచి ఉత్తరానికి బారులు తీరే లారీలను, మోటారు సైకిళ్లను, హిమాచల్ ప్రభుత్వ రవాణా సంస్థ వారి లేహ్ బస్సును గమనించే వారికి ఆ మూట రూపం మారిందే కాని అవసరం తీరలేదని అర్థమవుతుంది. ఇప్పటి మూట చిటికెన వేలి గోరంత ఉంటుంది. అందులో అటుకులు ఉండవు, పాటలు ఉంటాయి. నాలుగైదు సినిమాలు కూడా ఉంటాయి.

మెమొరీ కార్డులో పాటలు మోసుకొని పోవడం పాతబడిన అలవాటు కాదా అని పాఠకులు ప్రశ్నించవచ్చు. దేశంలో మూలమూలకూ ఇంటర్నెట్ చేరిందని రాజధానిలో తరచు వింటుంటాము. అందులో అతిశయోక్తి ఉన్నా అబద్ధం లేదు. 2025 జనవరిలో సియాచిన్ హిమానీనదం మీదనే 4జీ, 5జీ సేవలు మొదలైనాయి. నేపాల్‌లో ఎవరెస్టు శిఖరానికి దారితీసే గోరక్ షెప్ వద్ద 2010లోనే 3జీ వచ్చింది. అయితే ఒక చోట స్తంభం నిలబెట్టడం వేరు, రెండు చోట్ల నడుమ సాగే దారి పొడుగునా సంకేతం అందడం వేరు. ప్రయాణికుడు బ్రతికేది స్తంభాల దగ్గర కాదు, వాటి నడుమ.

మనాలి నుంచి లేహ్ వరకు 2018 జులైలో నేను రోడ్డు మీద ప్రయాణం చేశాను. అప్పటికి అటల్ సొరంగం పూర్తి కాలేదు. 2020 అక్టోబరులో ఆ 9 కిలోమీటర్ల సొరంగం తెరిచిన తర్వాత రోహ్‌తాంగ్ కనుమ బాధ తప్పింది గాని, నేను వెళ్లిన నాటికి రోహ్‌తాంగ్ బురదలోనే సగం పూట గడిచిపోయేది. కేలాంగ్ దాటి, దార్చా దాటిన తరువాత ఫోను మూగబోయింది. బారాలాచా కనుమ, సర్చు మైదానం, ఇరవై ఒక్క మలుపుల గాటా మెట్ట, లాచుంగ్ కనుమ, పాంగ్, మోరె మైదానం, 17 వేల అడుగులు దాటిన తాగ్లాంగ్ కనుమ, చిట్టచివరకు సింధు నది ఒడ్డున ఉప్శీ. అంత దూరమూ ఫోను అనేది గడియారంగా, లాంతరుగా, పాటల పెట్టెగా మాత్రమే మిగిలింది. పైగా ఇతర రాష్ట్రాలలో కొన్న ప్రీపెయిడ్ ఫోను నెంబర్లు భద్రతా కారణాల మీద జమ్మూ కాశ్మీరు, లడఖ్‌లలో చాలా ఏళ్లపాటు పనిచేసేవి కావు. లేహ్ పట్టణం చేరిన తర్వాత సైతం చాలామంది యాత్రికుల చేతిలోని ఫోను పాటల పెట్టెగానే ఉండిపోయేది.

పాంగ్ వద్ద సైనికుల విడిది ఉన్నది. అక్కడి డేరా హోటల్లో టీ తాగుతూ ఉండగా పక్క బల్ల నుంచి తెలుగు పాట వినిపించింది. పదిహేను వేల అడుగుల ఎత్తున, ఊపిరి ఆడక తల పగిలిపోతున్న వేళ మన భాష చెవిన పడితే ఎట్లా ఉంటుందో అనుభవించిన వారికే తెలుసు. శ్రీకాకుళం జిల్లా కుర్రవాడు, జవాను. సెలవు ముగించుకొని తిరిగి తన దళంలో చేరబోతున్నాడు. అతని ఫోనులో ఒక పాటల కంపెనీ యాప్ ఉన్నది. నెలనెలా చందా కట్టి, ఊరి నుంచి బయలుదేరే ముందు దాదాపు నాలుగు వందల పాటలు దించుకున్నాడట. "అక్కడికి పోయాక నెల దాటితే అవి పలకవు సార్. నెట్టుకు ఒకసారి కలపమంటాది. నెట్టు ఎక్కడిది? నా సెలవు కంటే పాటల గడువే ముందు తీరిపోతాది" అని నవ్వాడు. అందుకనే అతడు ఇంకొక కార్డు కూడా తెచ్చుకున్నాడు. అందులోవి టెక్కలిలో ఒక సెల్‌ఫోను దుకాణంవాడు నింపి ఇచ్చిన పాటలు. వాటికి గడువు లేదు. వాటికి చట్టం కూడా లేదు.

ఈ లేఖకు అసలు విషయం ఇదే. డబ్బు కట్టి తీసుకున్న పాట నెల రోజులకు మూగబోయింది, డబ్బు ఎవరికీ చేరని పాట మాత్రం పలుకుతూనే ఉన్నది. ఇందులో తప్పు జవానుది అందామా?

కొన్నదా, అద్దెకు తెచ్చుకున్నదా

గ్రామఫోను రోజులలో ఈ ప్రశ్నకు తావు లేదు. 78 చుట్ల ప్లేటు ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కాస్త పైన పలికేది. కీ ఇచ్చే పెట్టె గ్రామఫోనుకు విద్యుత్తు అక్కరలేదు. మూత బిగించి, పిడి పట్టుకొని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. అడవి బంగళాలకు వెళ్లే అధికారులు, టీ తోటల దొరలు, కొద్దిపాటి జమీందారులు దానిని అట్లాగే మోసుకుపోయారు, మోయించారు అంటే మరింత సరిగా ఉంటుందేమో. ప్లేటు పగిలేదాకా పాట కొన్నవాడిదే.

ఆ తర్వాత ట్రాన్సిస్టరు వచ్చింది. 1957లో ఆరంభమైన వివిధభారతి, అంతకు ముందు నుంచే ఉన్న రేడియో సిలోన్ ఈ ఉపఖండంలో కరెంటు లేని ఊళ్లకు సినిమా పాటను చేర్చాయి. సరిహద్దులోని జవానుల కోసం వివిధభారతి నడిపిన 'జయమాల' కార్యక్రమం మాట పాఠకులకు కొత్త కాదు. సిలోన్ నుంచి తెలుగు పాటలు వినడానికి సాయంకాలం అరుగు మీద ట్రాన్సిస్టరును అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్న తరం ఇంకా మన మధ్య ఉన్నది. కాని రేడియోలో పాట మన సొత్తు కాదు, వారు వేసినప్పుడు వినవలసిందే. మనకు కావలసిన పాట మనకు కావలసిన వేళకు, అదీ దారిలో, వినగలగడం అన్నది సామాన్యుడికి కేసెట్టుతోనే అందింది. ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన ఆ చిన్న పెట్టె, 1979లో సోనీ వాక్‌మన్ వెలువడిన తర్వాత చొక్కా జేబులోకి వచ్చింది. మన దేశంలో ఎనభైల దశకం కేసెట్టుల దశకం. లారీ క్యాబిన్‌లో తలపై అరలో వరుసగా పేర్చిన కేసెట్టులు, పక్కన దేవుడి పటం, ముందర నిమ్మకాయ, మిరపకాయలు. అది ఆనాటి జాతీయ రహదారి చిత్రం. మన వైపు లారీలలో తెల్లవారుజామున ఘంటసాల భగవద్గీత పలకకుండా బండి కదిలేది కాదు. విజయవాడ, హైదరాబాదుల నడుమ వీడియో కోచ్‌లు తిరిగిన రోజులూ అవే. వాటిలో నిద్రపోదలచిన ప్రయాణికుడి గోడు వినేవారు ఎవరూ ఉండేవారు కాదన్నది వేరే సంగతి.

కేసెట్టు కాలంలోనే దొంగ నకళ్లు కూడా పుట్టాయి. ఖాళీ కేసెట్టు ఇచ్చి, కాగితం మీద పాటల పేర్లు వ్రాసి ఇస్తే సాయంత్రానికి నింపి ఇచ్చే దుకాణం లేని పట్టణం ఉండేది కాదు. తర్వాత సీడీ, ఆ తర్వాత ఒకే పళ్లెంలో నూటయాభై పాటలు పట్టే ఎంపీ3 సీడీ, ఆపైన పెన్‌డ్రైవు, మెమొరీ కార్డు. ఎర్రకోట ఎదుట లజపత్ రాయ్ మార్కెట్‌లో కొన్నేళ్ల క్రితం వరకు ఇటువంటి పాటలు నింపే దుకాణాలలో గంటల తరబడి నిలబడి చూశాను. అక్కడి వర్తకుడు ఏ పాట కావాలని అడిగేవాడు కాదు. "ఎక్కడికి ప్రయాణం? ఎన్ని రోజులు?" అని అడిగేవాడు. గువాహటికి అంటే ఒక మూట, కాండ్లా రేవుకు అంటే ఒక మూట. పంజాబీ, భోజ్‌పురి, భజనలు, పాత విషాద గీతాలు దేనికది వేరు. రాత్రి నడిపేవారికి నిద్ర పట్టనివ్వని పాటలు వేరేగా కట్టి ఉంచేవాడు. ఏ రేడియో కేంద్రపు అధికారికీ శ్రోతల అభిరుచి అంత సూక్ష్మంగా తెలిసి ఉంటుందని నేను అనుకోను.

2016 సెప్టెంబరులో జియో సంస్థ చవక డేటాతో రంగంలోకి దిగిన పిమ్మట ఆ వ్యాపారం ఎండలో పెట్టిన మంచుగడ్డ అయింది. ఎవరి ఫోనులో వారే వింటున్నప్పుడు నింపించుకునేది ఎవరు? సౌకర్యం పెరిగింది, ఖర్చు తగ్గింది, కళాకారులకు ఎంతో కొంత న్యాయంగా చేరే వీలు కలిగింది. కాదనలేము. అయితే ఆ మార్పులో గమనించని మెలిక ఒకటి ఉన్నది. చందాదారుడు పాటను కొనడం లేదు, వినే అనుమతిని అద్దెకు తీసుకుంటున్నాడు. స్పాటిఫై వంటి సేవలో దించుకున్న పాటలు నిలవాలంటే 30 రోజులకు ఒకసారైనా ఇంటర్నెట్‌కు కలపాలి. సినిమాల సేవలలో కొన్ని చిత్రాలు ఒకసారి చూడడం మొదలుపెడితే 48 గంటలలో గడువు తీరిపోతాయి. చందా ఆగితే అన్నీ ఆగుతాయి. సేవే మూతపడితే చెప్పనక్కరలేదు. 2024లో మన దేశంలో రెస్సో, వింక్ మ్యూజిక్ సేవలు రెండూ నిలిచిపోయాయి. వాటిలో ఏళ్ల తరబడి ఏరి కూర్చుకున్న పాటల వరుసలు ఎందరివో ఉండి ఉంటాయి. పట్టణంలో ఉన్నవాడికి ఇది చికాకు. సంకేతం అందని చోట మూడు నెలలు ఉండవలసినవాడికి ఇది మౌనం.

చట్టం ఏమంటున్నదో కూడా చూద్దాము. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను సొంత, వ్యక్తిగత ఉపయోగానికి సముచితమైన రీతిలో వాడుకోవడాన్ని ఉల్లంఘన కాదంటుంది. దుకాణంవాడు డబ్బు పుచ్చుకొని నింపి ఇవ్వడం దీని కిందకు రాదు. 63వ సెక్షను ప్రకారం అటువంటి నేరానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. 2012లో చట్టాన్ని సవరిస్తూ చేర్చిన 65ఎ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళాలు పగలగొట్టడాన్ని శిక్షార్హం చేసింది. ఉద్దేశం అన్న మాట అందులో ఉండడం గమనార్హం. తన డబ్బుతో తాను కొన్న సీడీని తన కార్డు మీదికి ఎక్కించుకొని దారిలో వినేవాడి జోలికి పోవడం పార్లమెంటు ఉద్దేశం అని నాకు తోచదు. కాని కొనుక్కోవడానికి సీడీ దొరకాలి కదా? ఈ ఊళ్లో సీడీలు అమ్మే దుకాణాల కోసం వెతుక్కోవలసిన రోజు వచ్చింది. న్యాయంగా పాటను సొంతం చేసుకోదలచిన వాడికి దారులు మూసి, అన్యాయపు దారిన పోయాడని నిందించడం రాజనీతి అనిపించుకోదు.

ఈ అవసరాన్ని పసిగట్టిన పాటల కంపెనీ లేకపోలేదు. 2017లో సారెగమ సంస్థ 'కారవాన్' అనే పెట్టెను తెచ్చింది. పాతకాలపు రేడియో ఆకారంలో, లోపలే ఐదు వేల పాటలతో, ఇంటర్నెట్ ఊసు లేకుండా. పెద్దవారి కోసమని అమ్మారు గాని, తోటబంగళాలలోనూ, లోతట్టు గ్రామాలలో పనిచేసే ఉపాధ్యాయుల ఇళ్లలోనూ నేను దానిని చూశాను. దాని లోపం అందరూ ఎరిగినదే. ఏ ఐదు వేలు అన్నది కంపెనీ నిర్ణయం. మన పాట అందులో ఉంటే ఉన్నట్లు, లేకపోతే లేనట్లు.

లోయలోకి వెళ్లిన హార్డ్ డిస్కులు

ప్రయాణికుడు సంకేతం లేని చోటికి తనంత తాను పోవడం ఒక రకం. ఉన్న చోటనే సంకేతం తీసివేయబడడం మరొక రకం. 2019 ఆగస్టు 5న జమ్మూ కాశ్మీరు ప్రత్యేక ప్రతిపత్తిని రద్దు చేసిన సందర్భంలో కాశ్మీరు లోయ మొత్తానికి ఇంటర్నెట్ నిలిపివేశారు. 2020 జనవరి 10న సుప్రీం కోర్టు అనురాధా భసీన్ కేసులో తీర్పు చెబుతూ, ఇంటర్నెట్‌ను నిరవధికంగా ఆపివేయడం చెల్లదన్నది. అదే నెల చివరలో 2జీ వేగంతో, అనుమతించిన కొన్ని వెబ్‌సైట్లకు మాత్రమే సేవ తిరిగి వచ్చింది. 4జీ వచ్చేసరికి 2021 ఫిబ్రవరి 5. మొదటి నెలలలో పరీక్షల దరఖాస్తులు పంపుకోవడానికి విద్యార్థులు శ్రీనగర్ నుంచి రైలెక్కి బనిహాల్ దాకా పోయి వచ్చేవారు. ఆ రైలుకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టుకున్నారు.

ఆ రోజులలో ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కు వెళ్లే విమానంలో కాశ్మీరీ విద్యార్థుల సంచులలో ఏముండేదో తెలుసుకోవాలంటే జామియా పరిసరాల్లో ఒక సాయంత్రం గడిపితే చాలు. హార్డ్ డిస్కులు, పెన్‌డ్రైవులు. ఇంటిల్లిపాదికీ, ఇరుగుపొరుగుకూ కావలసిన సినిమాలు, ధారావాహికలు, పాఠాల వీడియోలు, చిన్న పిల్లల బొమ్మల చిత్రాలు. నాకు పరిచయమైన ఒక విద్యార్థి తన డిస్కులో ముందు పాఠాలు ఎక్కించి, మిగిలిన చోట సినిమాలు నింపాడు. తల్లి ఫోను చేసి, ఇంటి ల్యాండ్‌లైన్ అప్పటికి పనిచేస్తున్నది, పక్కింటి ముసలమ్మకు పాత నాత్‌లు కావాలట అని చెప్పింది. స్థలం లేక అతడు ఒక సినిమా తీసివేశాడు. ఏది తీసివేయాలన్న దాని మీద గదిలోని నలుగురు మిత్రుల మధ్య జరిగిన వాదోపవాదాలు లోక్‌సభ ప్రశ్నోత్తరాల సమయాన్ని తలపించాయి.

దీనికి వెనుక మరొక చరిత్ర ఉన్నది. లోయలో ఉగ్రవాదం తలెత్తిన తరువాత 1990 ప్రాంతంలో సినిమా హాళ్లు మూతపడ్డాయి. నడుమ తెరవాలన్న ప్రయత్నాలు నిలవలేదు. శ్రీనగర్‌లో మల్టీప్లెక్స్ మొదలైంది 2022 సెప్టెంబరులో. అంటే ముప్పై ఏళ్లకు పైగా అక్కడి ఒక తరానికి సినిమా అన్నది ఎవరో ఒకరు సంచిలో వేసుకొని తెచ్చే వస్తువు. మొదట వీడియో కేసెట్టు, ఆపైన సీడీ, తర్వాత డిస్కు. ఇంటర్నెట్ పోయినప్పుడు వారికి ఆ పాత అలవాటే అక్కరకు వచ్చింది.

లడఖ్ సంగతి వేరు. అక్కడికి 2021 ఆగస్టులో గాలి నింపి నిలబెట్టే సంచార సినిమా హాలు వచ్చింది. పదకొండు వేల అయిదు వందల అడుగుల ఎత్తున, లేహ్‌లో, ప్రపంచంలోకెల్లా ఎత్తైన సినిమా హాలు అని నిర్వాహకులు చెప్పుకున్నారు. మన పల్లెల టూరింగ్ టాకీసు డేరా హిమాలయాలు ఎక్కిందన్న మాట.

ఎత్తు మాట వచ్చింది గనుక ఒక ముఖ్య విషయం చెప్పాలి. లేహ్ వంటి చోట్లకు సినిమాలు హార్డ్ డిస్కులో తీసుకుపోయేవారికి అది చాలామంది చెప్పని ప్రమాదం. గుండ్రంగా తిరిగే పళ్లెం ఉన్న పాత రకం డిస్కులో, అక్షరాలు చదివే ముల్లు పళ్లేనికి ఆనదు. పళ్లెం తిరిగేటప్పుడు పుట్టే గాలి పొర మీద, వెంట్రుక మందంలో ఎన్నో వేల వంతు ఎత్తున తేలుతూ ఉంటుంది. ఎత్తుకు పోయే కొద్దీ గాలి పలుచబడుతుంది. గాలి పొర బలహీనమై ముల్లు పళ్లేన్ని గీరితే ఆ డిస్కు తిరిగి బ్రతకదు. అందుకే ఇటువంటి డిస్కులకు చాలామంది తయారీదారులు పనిచేసే ఎత్తు 10 వేల అడుగులకు మించరాదని తమ వివరాల పత్రాలలో వ్రాస్తారు. లేహ్ పట్టణమే ఆ గీత దాటి ఉన్నది. ఆపి ఉంచిన డిస్కును మోసుకుపోతే నష్టం లేదు, అక్కడ తిప్పితేనే ముప్పు. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీకి గాని, మెమొరీ కార్డుకు గాని ఈ బాధ లేదు. కొండ ఎక్కదలచిన వారు మిగిలినవన్నీ మరచిపోయినా ఈ ఒక్కటి మరువరాదు.

చలి సంగతి కూడా. లిథియం బ్యాటరీ చలిలో త్వరగా నీరసిస్తుంది. గడ్డకట్టే చలిలో దానిని ఛార్జి చేయడం మరీ హానికరం. రాత్రివేళ ఫోనును, పవర్ బ్యాంకును దుప్పటిలో తమతో పడుకోబెట్టుకోవడం కొండ ఎరిగినవారి పద్ధతి. విమానంలో వెళ్లేవారు 100 వాట్ అవర్ల లోపు పవర్ బ్యాంకును చేతిసంచిలో ఉంచుకోవచ్చు. మామూలుగా దొరికే 20 వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్ అవర్లే గనుక ఇబ్బంది లేదు. తెర ఆర్పి పాట మాత్రమే వింటే ఫోను రోజంతా వస్తుంది, సినిమా చూస్తే పూటకే చేతులెత్తేస్తుంది. అందువల్ల కరెంటు లేని చోట సినిమాకు, పాటకు పోటీ వస్తే పాటే గెలుస్తుంది.

ఇక కొలతలు. మామూలు ఎంపీ3 పాట నిమిషానికి సుమారు ఒక ఎంబీ పడుతుంది. 64 జీబీ కార్డులో నాలుగు నిమిషాల పాటలు దాదాపు 15 వేలు. రాత్రింబవళ్లు ఆపకుండా వింటే నలభై రోజులు పడుతుంది. నలభై రోజులు ఎవరు వింటారు అనవద్దు. ఎక్కువ పాటలు తీసుకుపోయేది అన్నీ వినడానికి కాదు, ఏ వేళ ఏది వినాలనిపిస్తుందో ముందుగా తెలియక. నాద నాణ్యత మీద పట్టింపు గలవారు ఎఫ్‌ఎల్‌ఏసీ పద్ధతిలో ఎక్కించుకుంటే అదే కార్డులో రెండు వేల అయిదు వందలు పడతాయి. లారీ క్యాబిన్‌లో ఇంజను రొద నడుమ ఆ తేడా ఎవరి చెవికీ అందదని నా అభిప్రాయం. వీణ వినేవారు నాతో ఏకీభవించకపోవచ్చు.

చవక బజారులో కొన్న కార్డు మీద 512 అని అచ్చు వేసి ఉన్నా లోపల 16 జీబీయే ఉండవచ్చు. నిండిన తర్వాత కొత్తవి ఎక్కిస్తే పాతవి చెడిపోతాయి. ఊరు విడిచే ముందే మొత్తం నింపి, చివరి పాట దాకా పలికించి చూసుకోవాలి. కారులోని పాత స్టీరియోలు చాలావరకు ఫ్యాట్32 అనే పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవునే చదువుతాయి. ఆ పద్ధతిలో ఒక్కొక్క ఫైలు 4 జీబీ మించరాదు గనుక పెద్ద సినిమా పట్టదు. తెలుగు లిపిలో పేరు పెట్టిన పాటను అటువంటి స్టీరియో డబ్బాలు డబ్బాలుగా చూపిస్తుంది. మరొక తమాషా ఏమంటే, అవి పేరు వరుసలో కాక, ఎక్కించిన వరుసలో పలుకుతాయి. సుప్రభాతం చివర ఎక్కించినవాడు దానిని అర్ధరాత్రి వినవలసి వస్తుంది.

ఓడ మీద మూడు రోజులు

కొండ నుంచి సముద్రానికి పోదాము. అండమాన్ దీవులలో తెలుగువారు ఎందరో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనంలో నూటికి పదమూడు మందికి పైగా మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలసపోయిన మత్స్యకారుల కుటుంబాలు అందులో చాలా ఉన్నాయి. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌కు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలు పోతాయి. ప్రయాణం సుమారు మూడు రోజులు. నడిసముద్రంలో ఫోను పలకదు. డెక్కు మీద పడుకున్న కుటుంబాల నడుమ ఒక చిన్న స్పీకరు ఉంటే చాలు, దాని చుట్టూ ఊరు వెలుస్తుంది.

చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సాగరగర్భ తీగ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యే వరకు ఆ దీవులు ఉపగ్రహం మీదనే ఆధారపడి ఉండేవి. అప్పుడు ఇంటర్నెట్ నత్తనడక నడిచేది. పెద్ద సినిమా దించుకోవడం కలలోని మాట. అందుకని విశాఖ నుంచి ఎవరైనా వస్తున్నారంటే చేపలకూ, వడియాలకూ ముందు కొత్త సినిమాలు తెచ్చావా అని అడిగేవారట. లక్షద్వీప్‌కు కొచ్చి నుంచి ఇటువంటి తీగ 2024 జనవరిలో గాని అందలేదు. తీగ పడిన తర్వాత కూడా దీవికి దీవికీ నడుమ సముద్రం సముద్రంగానే ఉన్నది. చేపల వేటకు పోయిన పడవలో ఇంటర్నెట్ రాదు, పెన్‌డ్రైవు పలుకుతుంది.

రామకృష్ణాపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక పెద్దాయన ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షను ఆఫీసరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. కుమార్తె, అల్లుడు అండమాన్‌లో స్థిరపడ్డారు. భార్య పోయిన తర్వాత ఇక్కడ ఒంటరిగా ఉండలేక వారి దగ్గరకే మకాం మార్చదలచారు. విమానం వద్దు, విశాఖ నుంచి ఓడలోనే పోతానని పట్టుబట్టారు. సామాను తగ్గించుకోవలసి వచ్చినప్పుడు బీరువా ఇచ్చివేశారు, పుస్తకాలు ఆంధ్ర సంఘం వారికి ఇచ్చివేశారు. మూడు బిస్కట్ డబ్బాల కేసెట్టుల దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయారు. నూట నలభై కేసెట్టులు. సముద్రపు గాలికి వాటిలో టేపు బూజు పట్టక మానదు. అక్కడ వాటిని పలికించే యంత్రమూ దొరకదు. వాటిలో సగం బజారులో కొన్నవి. వాటి పాటలు వెతికితే ఎక్కడైనా దొరకవచ్చు. తక్కినవి రేడియో నుంచి పట్టినవి, వారి భార్య సంగీత పాఠం చెబుతుండగా వంటగది గుమ్మంలో టేపు రికార్డరు పెట్టి పట్టినవి. అవి ఏ యాప్‌లోనూ లేవు, ఉండబోవు.

కేసెట్టును కంప్యూటరులోకి ఎక్కించే పని తేలికది, కాని తొందరపెడితే జరిగేది కాదు. గంట కేసెట్టు ఎక్కడానికి గంటే పడుతుంది. ముందుగా టేపును ఆ చివరి నుంచి ఈ చివరకు ఒకసారి చుట్టి వదులు తీయాలి. యంత్రపు తలను స్పిరిటులో ముంచిన దూదితో తుడవాలి. చాలా పాత కేసెట్టులలో టేపును తలకు ఒత్తి పట్టే చిన్న ఉన్ని ముక్క ఊడిపోయి ఉంటుంది. దానిని మరొక పనికిరాని కేసెట్టు నుంచి తీసి అంటించాలి. తల కొంచెం వంకరగా ఉంటే పాట దుప్పటి కప్పుకొని పాడినట్లు వినిపిస్తుంది, చిన్న మరను అతి నిదానంగా తిప్పుతూ స్వరం తేటపడే చోట ఆపాలి. రికార్డు చేసినది గంటకు 600 ఎంబీ దాకా అవుతుంది. దానిని అట్లాగే ఒక డిస్కులో భద్రపరచి, వినడానికి ఎంపీ3గా మార్చుకోవాలి. రెండు కార్డులలో నకలు ఉంచాలి. ఒకటి సంచిలో, ఒకటి ఒంటి మీద.

రోజూ సాయంత్రం ఆయన ఒక్కొక్క కేసెట్టు ఎక్కిస్తున్నారు. అది ఎక్కుతున్నంత సేపు పక్కన కూర్చొని వింటారు గనుక రోజుకు రెండు మూడుకు మించి కావడం లేదు. మీట నొక్కి వదిలివేసి వేరే పని చూసుకోవచ్చు కదా అని నేను అంటే, "వదిలేస్తే మధ్యలో ఆగినా తెలియదు కదండీ" అన్నారు. నిన్నటికి యాభై రెండు పూర్తయినాయి. తన భార్య చేతివ్రాతతో 'మోహన, పిల్లలు' అని ఉన్న కేసెట్టు ఉన్ని ముక్క ఊడిపోయి పక్కన ఉన్నది. దానికి ముక్క అంటించడానికి నన్ను ఆదివారం రమ్మన్నారు. ఓడ టిక్కెట్టు వచ్చే నెల మూడో వారానికి.